బహుమతి రాని వేషం

పచ్చయమ్మ సుందరవల్లి సంచి సర్దుతోంది. అడుగున నాలుగు నేతచీరలు, వాటిమీద ఎర్ర పట్టుచీర, గాజుల డబ్బా, పైన కుంకుమ భరిణె. సర్దిందంతా తీసి మళ్ళీ సర్దింది. దువ్వెన పెట్టలేదేమోనని అడుగుదాకా వెతికింది. దువ్వెన ఆమె చేతిలోనే ఉంది.

"ఒక్క పూట ఆటకు ఇన్ని గుడ్డలెందుకత్తా?" అని గుమ్మంలోంచి అడిగింది ఇంద్రాణి. పొదటూరుపేట నేతవీధిలో ఆడపిల్లలందరికీ పచ్చయమ్మ అత్తే.

"వాన రావచ్చు. చలి పెట్టచ్చు."

తిరుత్తణిలో టైపు ఇన్‌స్టిట్యూట్ వార్షికోత్సవం. మారువేషాల పోటీ. ఇంద్రాణి దయ్యం. గోవిందమ్మ పోలీసు. సుందరవల్లి పెళ్ళికూతురు. మూడేళ్ళుగా సినిమాకు కూడా గడప దాటని సుందరవల్లిని స్నేహితురాళ్ళిద్దరూ బతిమాలి ఒప్పించారు.

ఇంటిపెద్ద శివప్రకాశం నూలు కోసం కంచికి వెళ్ళాడు. తెల్లవారితే గాని రాడు. ఆయనకు తెలిస్తే సుందరవల్లిని కదలనివ్వడు. ఈ రాత్రి చేజారితే ఇంకో రాత్రి దొరకదు.

ఎదురింటి కన్నియమ్మ పిట్టగోడ మీదికి వంగింది.

"ఏం పచ్చయమ్మా, మీ ఆయనకు చెప్పినావా?"

"పొద్దున చెప్తాలే," అని పచ్చయమ్మ సుందరవల్లి వైపు తిరిగింది. వీధి చివరిదాకా వినపడేలా, "తెల్లారే బస్సుకు వచ్చేయల్ల మే, తెలిసిందా?" అంది.

బస్సు దగ్గర సుందరవల్లి వంగి ఆమె కాళ్ళకు మొక్కింది.

"పరీక్షకా పోతాండేది?" అని గోవిందమ్మ లాఠీతో ఆమెను మెల్లగా పొడిచింది.

బస్సులో అందరి చూపూ ఇంద్రాణి మీదే. జుట్టు విరబోసుకుని, మొహానికి బియ్యప్పిండి పూసుకుని కూర్చుంది. కండక్టరు తంగరాజు ఆమె ముందు ఆగాడు.

"దయ్యానికి టికెట్టు కొట్టల్నా?"

"ఎందుకన్నా? దయ్యానికి కాళ్ళు నేలకానవు గదా."

"కాళ్ళు ఆనకుంటే పోనీ. సీటుకు ఆనుకొనుండావే."

బస్సంతా నవ్వింది. సుందరవల్లి కూడా నవ్వింది. కానీ దారిలో గోవిందమ్మ మల్లెపూలు తలలో పెట్టబోతే, "అక్కడికి పోయినాక" అని దండను ఒళ్ళో పెట్టుకుంది.

ఇన్‌స్టిట్యూట్ హాల్లో రాజులు, కోయదొరలు, ఒక ఎలుగుబంటి. పెళ్ళికొడుకు వేషంలో ఇంద్రాణి అన్న దండపాణి. అతను అక్కడే టైపు మాస్టరు.

సుందరవల్లి పట్టుచీరలో స్టేజీ ఎక్కింది. దండపాణి పసుపుతాడు చేతిలోకి తీసుకున్నాడు. ముందు వరుసలో కూర్చున్న తిరుమలమ్మ అనే పెద్దావిడ లేచింది.

"తాళితో ఆటలేంది? తప్పు, తప్పు."

"కూర్చోవమ్మా, నాటకం," అని కూర్చోబెట్టారు.

"గెట్టి మేళం, గెట్టి మేళం," అని ఇంద్రాణి కేక పెట్టింది. మేళం ఎక్కడుంది? వెనక వరుసలో ఉన్న పిల్లలు టైపు మిషన్ల మీద పడ్డారు. పది మిషన్లు ఒక్కసారిగా టకటకలాడాయి, గంటలు మోగాయి. దండపాణి మొదటి ముడి తప్పి, మళ్ళీ వేశాడు.

"మాస్టరుకు స్టేజీ భయం రా," అని ఎలుగుబంటి అరిచింది.

సుందరవల్లి కళ్ళలోంచి నీళ్ళు జారాయి. పెద్దపెట్టున చప్పట్లు మోగాయి.

అయినా వాళ్ళకు బహుమతి రాలేదు. "వేషమంటే వేషమని తెలియల్ల," అన్నాడు జడ్జి అరుణాచలం. "వీళ్ళను చూస్తే చదివింపులు చదివించాలనిపిస్తాది." మొదటి బహుమతి, స్టీలు టిఫిన్ డబ్బా, దయ్యానికి దక్కింది.

మర్నాడు తొలి బస్సు వచ్చేసరికి పచ్చయమ్మ స్టాపులోనే ఉంది. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. గోవిందమ్మ దిగింది. చెవుల వెనక ఇంకా పిండి మరకలతో, డబ్బా పట్టుకుని ఇంద్రాణి దిగింది. బస్సు కదిలిపోయింది.

పచ్చయమ్మ ఇంద్రాణిని దగ్గరికి లాక్కుని, చెవిలో అడిగింది.

"ముడులు మూడూ ఏసినాడా?"

"మూడూ ఏసినాడత్తా."

పచ్చయమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తరువాత నవ్వింది. "పదండి, కాపీ తాగుదాము. మీ మామ వచ్చేలోగా నాకు కొంచెం దమ్ము రావల్ల."

కొడుకు పోయిన మూడేళ్ళకు, 1981 అక్టోబరు 31న, పచ్చయమ్మ తన చేతులతో సాగనంపిన కోడలు సుందరవల్లి ఆ ఇంటికి మళ్ళీ రాలేదు.