కిటికీ దగ్గరి తమ్ముడు

ఉప్పుటేరు పేటలో ప్రతి డాబా మీదా గ్యాసు తొట్టి వచ్చాక, వీరవేణికి పొయ్యి వెలిగించాలంటే గుండె దడే. ఆ గ్యాసుకు వాసన ఉండదు. అందుకే రోజూ పొద్దున్నే మంటల శాఖ వారి ఎగిరే యంత్రం వంటింటి కిటికీ దగ్గరకొచ్చి, గాలి పీల్చి చూసి, "పర్లేదక్కా, వెలిగించుకో" అనేది. తొట్టిలో గ్యాసు కట్టేసే తాళం కూడా దాని దగ్గరే ఉండేది. అది చెప్పనిదే ఆమె అగ్గిపెట్టె ముట్టేది కాదు. ఆయుధపూజకు దానికి బొట్టు పెట్టి, తమ్ముడని పిలుచుకునేది.

ఆ రోజు గాలి పీల్చగానే దాని మూతి ఎర్రగా వెలిగింది.

"అయ్య బాబోయ్, లీకవుతోందా? తొట్టి కట్టెయ్యి తమ్ముడూ, చంటిది లోపల పడుకునుంది!"

"కుదరదక్కా. గ్యాసులాంటి మండే సరుకుల పనంతా నిన్న సరుకుల శాఖకి ఇచ్చేశారు. తాళమూ వాళ్ళకే పోయింది."

"అయితే వాళ్ళని పిలువు!"

"వాళ్ళింకా యంత్రాలు కొనలేదక్కా."

"ఇన్నాళ్ళూ అక్కా అక్కా అన్నావు కదరా! ఇందుకా?"

"ఇప్పుడూ అంటున్నాను కదా."

వీరవేణి పిల్లని దుప్పటితో సహా ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తి, ఇరుగుపొరుగుని కేకలేసి బయటికి రప్పించింది. వెనక్కి తిరిగి చూస్తే యంత్రం వెళ్ళిపోలేదు. ఇంటి మీదే ఆగి, పొట్టలోంచి నీళ్ళ గొట్టం బయటికి తీసి, ఓపిగ్గా కాచుకుని ఉంది.

"ఏం చూస్తున్నావురా అక్కడ?"

"బెంగపడకక్కా," అంది తమ్ముడు, ఎప్పటిలాగే ఆప్యాయంగా. "అంటుకోగానే ఇల్లు మా శాఖ కిందకి వచ్చేస్తుంది."