ఈగ నక్షత్రం

ఇలా దగ్గరికి జరగండర్రా, ముక్కు మూసుకుని వినాల్సిన కథ ఇది.

"ఛీ ఛీ! మళ్లీ ఈగ రెట్టే!" అంటూ మెహిటబెల్ గాజుపలకని ఆమడ దూరంలో పట్టుకుంది.

బోస్టన్ పక్కన కొండమీద వేధశాల అది. రాత్రిళ్లు మగవాళ్లు ఆకాశాన్ని గాజుపలకల మీద ఫొటోలు తీస్తే, పగలు ఆడవాళ్లు పెద్దమ్మగారనే పర్యవేక్షకురాలి కింద భూతద్దం పెట్టి ఆ చుక్కల లెక్కలు కట్టేవాళ్లు. గాజు మీద నక్షత్రం నల్లచుక్కలా పడుతుంది. ఈగ రెట్టదీ అదే నలుపు.

"అంతా ఫొటోలు తీసే థాక్స్టర్ గారి పుణ్యమే," అంది పక్కబల్ల లొవీనా. "ఆరబెట్టిన పలకల పక్కనే కూచుని ఎండుచేప నములుతాడు మహానుభావుడు. ఊళ్లో ఈగలన్నీ ఆయన దగ్గరే కాపురం పెట్టాయి."

"ఇంక చెప్పకే. ఇదిగో, ఆ జిడ్డు వేలిముద్ర కూడా! థూ!"

మెహిటబెల్‌కి ఉన్న ఆశ ఒక్కటే. ఎవరూ చూడని కొత్త నక్షత్రం కనిపెట్టాలి, తన పేరు అచ్చులో చూసుకోవాలి. కళ్లు గుంటలు పడేలా వెతుకుతుంటే దొరికేది ఈ అశుద్ధం!

ఆ పలక మీద మూడు మరకలు. తడిగుడ్డకి రెండు ఊడొచ్చాయి. మూడోది మొండికేసింది.

"పెద్దమ్మగారికి ఓసారి చూపించవే," అంది లొవీనా.

"చూపించి? పోయినసారి కొత్త చుక్క అని అరిచినందుకు 'ఈగ నక్షత్రం' అని నెల్లాళ్లు ఏడిపించారు. నువ్వూ నవ్వావు కదే!"

ముక్కు చిట్లించి, చాకుమొనతో దాన్నీ గీకిపారేసింది. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, తిన్నగా వెళ్లి థాక్స్టర్ మీద ఫిర్యాదు చేసింది. పైవాళ్లు ఆయన చేపలు మాన్పించారు. మెహిటబెల్ ఆ వారమంతా తలెత్తుకు తిరిగింది.

తర్వాత స్కాట్లండు నుంచి తంతి వచ్చింది: ఆకాశంలో కొత్త నక్షత్రం వెలిగిందని.

"వాళ్లకంటే పదిరోజుల ముందే మనం ఆ వైపు ఫొటో తీశాం," అన్నారు పెద్దమ్మగారు పరిగెత్తుకొచ్చి. "ఆ పలక నీ దగ్గరే ఉంది. దొరికిందా, పేరు నీదే! తియ్యి!"

మెహిటబెల్ పలక తీసి, తంతిలో చెప్పిన చోట భూతద్దం పెట్టింది. అక్కడ తన చాకు గీసిన గీత తప్ప ఏమీ లేదు.

గుర్తుంచుకోండర్రా, రేపు మీ పిల్లలకీ చెప్పండి. చివర్లో మాత్రం కాస్త గొంతు తగ్గించి చెప్పండి.

మూడోది రెట్ట కాదు.