నీలిచుక్క

పొద్దున బాగానే వస్తున్న నీలిచుక్క దారిలో ఒక ఊళ్ళో ఆగిపోయింది. మధ్యాహ్నమైనా కదల్లేదు.

పెద్దకొడుకు ఫోన్ మీంచి కళ్ళు తీయడం లేదు. ఆ చుక్క కోసం టైల్స్ షాపు కూడా మూసి ఇంట్లో కూర్చున్నాడు. ఎదురెళ్ళి తల్లిని తీసుకురావడానికి మాత్రం తీరిక దొరకలేదు.

తల్లి ఎక్కడుందో ముగ్గురు పిల్లల ఫోన్లలోనూ కనబడేలా ఏర్పాటు చేసింది కూతురు. ముసలి ప్రాణం, ఎక్కడ తప్పిపోతుందోనని. ఇప్పుడు తప్పిపోతే బాగుండునని ఎవరూ పైకి అనలేదు.

ముందురోజు తల్లి తన గొంతుతో ఒక కబురు పంపింది. “రేప్పొద్దున బస్సెక్కుతున్నానర్రా. మీ ముగ్గుర్నీ ఒకచోట చూసి ఎన్నాళ్ళయిందో! ఎవరో ఒకరింట్లో దిగుతాలే. గది ఖాళీ చేసేశా. సామానంతా పక్కింటివాళ్ళకి ఇచ్చేశా.”

మొదటి ముక్క వినగానే ముగ్గురూ దండం పెట్టే బొమ్మలు పంపారు. చివరి ముక్క విన్నాక ముగ్గురి గుండెల్లోనూ రాయి పడింది.

ఫోన్ చేసి వద్దనడానికి నోరు రాలేదు. రమ్మనడానికి అసలే రాలేదు. అందుకని ఎవరూ చేయలేదు.

“ఇదేమిటి, ఆసుపత్రిలా ఉంది?” అంది పెద్దకోడలు, తెర మీద బొమ్మను వేళ్ళతో సాగదీస్తూ.

“పక్కనే బస్టాండు. వంతెన మీద నీళ్ళొచ్చాయిగా, బస్సు కోసం కూర్చుని ఉంటుంది.”

“వెనక్కెళ్ళే బస్సేమో!”

ఆ మాటతో అతని ముఖం కాస్త తేటపడింది. అంతలో చుక్క కదిలింది. ఇటువైపే.

వాన తగ్గలేదు. చుక్క చుట్టుదారి పట్టింది. ఒకచోట ఆగింది. మళ్ళీ బయల్దేరింది, ఈసారి నత్తలాగా.

“నడుస్తోంది” అన్నాడు పెద్దకొడుకు నీరసంగా.

రెండోకొడుకు వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసాలిస్తాడు. అతను ఊరుకోలేకపోయాడు. “డెబ్భై తొమ్మిదేళ్ళు! వాన! వరద! అయినా ఆగని అడుగు! పట్టుదలంటే ఇదీ!” అని ముగ్గురికీ కలిపి ఉన్న గ్రూపులో పెట్టాడు. కూతురు చప్పట్ల బొమ్మలు వరసగా గుప్పించింది.

“అమ్మ పులిరా” అని రాశాడు పెద్దకొడుకు.

పులి ఏ ఇంటి మీద పడుతుందన్నదే ఇక తేలాల్సింది.

ముందు కూతురి వీధిలోకి తిరిగింది. “అయ్యో, మా లిఫ్టు పాడైంది! నాలుగంతస్తులు! అమ్మ మోకాళ్ళు ఏం కాను!” అని రాసింది కూతురు. మోకాళ్ళు నాలుగంతస్తులూ ఎక్కాయి. “బెల్లు కొడుతోంది” అని రాసింది. వెంటనే, “నేను మిక్సీ వేసుకున్నాను. నాకేం వినపడట్లేదు.”

మిక్సీలో ఏముందని అన్నలు అడగలేదు.

చుక్క చాలాసేపు అక్కడే నిలబడి, చివరికి దిగింది. రెండోవాడి ఇంటివైపు నడిచింది.

“ముందు తలుపుకి తాళం వేసి వెనకనుంచి లోపలికొచ్చాం” అని రాశాడు రెండోవాడు. “లైట్లు తీసేశాం. పిల్లల్ని తుమ్మొద్దన్నాను.” కాసేపటికి, “దేవుడి దయ. కదిలింది.” ఆ తర్వాత, “అన్నయ్యా, ధైర్యంగా ఉండు.”

పెద్దకోడలు లేచి గుమ్మంలో చెప్పులన్నీ లోపలికి లాగేసింది. టీవీ నోరు నొక్కింది. ఇద్దరూ సోఫా వెనక కిందికి జారారు. ఇంట్లో దొంగలు పడ్డట్టు, కాదు, ఇంటిల్లిపాదీ దొంగలైనట్టు ఉంది.

బెల్లు మోగింది. మళ్ళీ మోగింది.

“ఎవరూ లేరా?” తలుపు అవతలినుంచి బొంగురుగా వినపడింది.

“గొంతు చూశారా?” గుసగుసలాడింది కోడలు. “తడిసి జలుబు పట్టించుకున్నట్టుంది. లోపలికి వస్తే ఇంటందరికీ అంటిస్తుంది.”

“ష్! పోతుందిలే.”

పోయేదే. ఎదురింటావిడ బాల్కనీలోకి రాకపోతే.

“లోపలే ఉన్నారమ్మా! ఇందాకే చూశాను, గట్టిగా కొట్టండి!”

పెద్దకొడుకు పళ్ళు నూరాడు. ఇక తప్పదు. నలుగురిలో పరువు పోతుంది. “తలుపు తీస్తున్నాను” అని తమ్ముడికి రాశాడు.

“వీడియో తియ్యి అన్నయ్యా. నా క్లాసులో చూపిస్తాను. ఇలాంటి తల్లులు ఊరికే దొరకరు.”

అతను జుట్టు సర్దుకున్నాడు. కళ్ళు నులుముకుని కాస్త ఎర్రచేసుకున్నాడు. ఫోన్ ఎత్తిపట్టి, గొంతు వణికిస్తూ తలుపు బార్లా తెరిచాడు.

“అమ్మా! ఇంత వానలో ఇంత కష్టపడ్డావా! ఒక్క మాట చెబితే రెక్కలు కట్టుకుని వాలేవాణ్ణి కదే!”

తెర మీద ఒక ముసలావిడ. నిలువునా తడిసింది. కాళ్ళకు మోకాలిదాకా బురద. భుజాన తల్లి సంచీ, చేతిలో తల్లి ఫోన్. ముఖం మాత్రం అతను ఎన్నడూ చూసింది కాదు.

“ఆకుపచ్చ గేటు, పెద్దబ్బాయి ఇల్లు ఇదేనా నాయనా?” అందావిడ, గోడ పట్టుకుని ఆయాసపడుతూ. “దారి పొడుగునా మీ ముగ్గురి ఇళ్ళ గుర్తులే చెప్పుకొచ్చింది. ఈ ఫోన్ తెరవడం మాకెవరికీ చేతకాలేదు. బస్సులో మీ అమ్మ పక్క సీటు నాది. పొద్దున నా భుజం మీద తల వాల్చి అలాగే పోయింది బాబూ, ఏ ఇంటికి పంపమంటారో కనుక్కు రమ్మన్నారు ఆసుపత్రివాళ్ళు.”