ఏనుగు తలలో చీమ పోసిన కుప్పలు

అడవిలో పెద్దేనుగు గజ్జెలమ్మకి ఉన్నట్టుండి నీటిమడుగు దారి గుర్తు రాలేదు. వెనకాల గుంపంతా దాహంతో నాలుక పిడచకట్టుకుని నిలబడింది.

"నీ తలలో ఏ కణం పాడైందో చూసొస్తానుండు అమ్మమ్మా!" అంటూ చురుకి అనే ఎర్రచీమ ఏనుగు చెవిలోంచి లోపలికి దూరింది.

లోపల చూస్తే దాని కళ్లు తిరిగాయి. చెట్టుకొమ్మల్లా చేతులు చాపిన కణాలు కొన్ని, చుక్కల్లా మెరిసే కణాలు కొన్ని, అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని గుసగుసలాడుతున్నాయి.

"మడుగు దారి ఎవరి దగ్గరుంది?" అంది చురుకి.

"మాకేం తెలుసు? ఇటుపక్కది మమ్మల్ని గిల్లితే మేం అటుపక్కదాన్ని గిల్లుతాం," అన్నాయవి.

చురుకికి ఏమీ పాలుపోలేదు. పుట్టలో నూకలూ జొన్నలూ కలిసిపోతే చీమలేం చేస్తాయి? దేనికదే కుప్ప పోస్తాయి. ఇక్కడా అదే చేసింది. కొమ్మల కణాల్ని ఊడబెరికి ఒక మూల, చుక్కల కణాల్ని ఇంకో మూల పోసి, "అబ్బ, ఇప్పుడు తేటగా ఉంది!" అనుకుంది.

అంతలో బయట ఏనుగు గొంతు వినబడింది. కాళ్ల దగ్గరున్న మనవరాలినే అడుగుతోంది, "ఎవరమ్మా నువ్వు?" అని.

చురుకి కుప్ప దగ్గరికి పరుగెత్తింది. కుప్పలోంచి ఒక కణాన్ని పట్టుకుని బతిమాలింది.

"దారి సంగతి తర్వాత. ఆ పిల్ల పేరు ఎవరి దగ్గరుందో చెప్పవే తల్లీ!"

"ఇందాకటిదాకా మా ఇద్దరి మధ్య ఉండేది," అంది కణం దిక్కులు చూస్తూ. "ఆ రెండోదాన్ని ఎక్కడ పడేశావు?"

చురుకి కుప్పల వంక చూసింది. ఏ కుప్పలో చూసినా అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.