మూడో అంతస్తు పిలుపు

హనుమాండ్లు ఎల్బీనగర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్. నల్గొండ దగ్గర పల్లెలో ఉన్నప్పుడు దయ్యాలు వదిలించేవాడు. భార్య రాములమ్మ జ్వరంతో పోతుంటే ఆయన మంత్రాలు ఒక్కటీ పనిచేయలేదు. ఆ రోజుతో అన్నీ మానేశాడు, దేవుడికి దండం పెట్టడం కూడా.

ఆ రాత్రి మూడో అంతస్తు విజయశ్రీ ఏడుస్తూ కిందికి వచ్చింది.

"మా స్పందన మూడు రోజుల సంది గోడ దిక్కే చూస్తుంది. ఊర్ల దయ్యాలు ఒదిలిస్తుంటివంట గద, జర ఒచ్చి చూడు పెద్దయ్యా."

"నాకు నమ్మకం పోయిందమ్మా. దవాఖానకు తీస్కపో."

"పోయినం. ఏం లేదన్నరు."

కాదనే ఓపిక కూడా లేక, మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కాడు.

పన్నెండేళ్ల స్పందన మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది. ఫ్యాన్ చప్పుడు తప్ప గదిలో ఏమీ వినబడటం లేదు. హనుమాండ్లు వాళ్ల దేవుడి గూట్లోంచి చిటికెడు విభూతి తీసుకుని మంత్రం మొదలుపెట్టాడు. నోరు చదువుతోంది గాని మనసు అందులో లేదు.

"అలిసిపోయినవా, మల్లేశు నాయినా?" అంది ఆ పిల్ల, తల తిప్పకుండానే.

విభూతి చేతిలోంచి రాలిపోయింది. మల్లేశు ఏడాది నిండకుండానే పోయిన కొడుకు. ఆయన్ని అలా పిలిచింది రాములమ్మ ఒక్కతే. ఆ గొంతూ ఆమెదే.

గుమ్మంలోంచి విజయశ్రీ తొంగి చూసింది. "ఒదిలిస్తవా పెద్దయ్యా?"

"నువ్వు బయట ఉండమ్మా" అని తలుపు మూసి, లోపల గడియ పెట్టాడు. తలుపు దగ్గరే నేల మీద చతికిలబడ్డాడు.

"గప్పుడే పోకు రాములూ" అన్నాడు.

విజయశ్రీ తలుపు బాదుతూనే ఉంది. మంచం మీది పిల్ల మెల్లగా ఇటు తిరగసాగింది.