బియ్యం కడిగిన నీళ్లు

చైతన్యపురి ఫ్లాట్‌లో అక్వేరియం శుభ్రం చేయడానికి వచ్చిన విజయశ్రీ మొక్కల వేళ్ల దగ్గర గులకరాళ్లను కదపలేదు. పైన పేరుకున్న మడ్డిని మాత్రం పైపుతో బకెట్‌లోకి లాగింది.

“రాళ్లన్నీ బయటికి తీసి బియ్యం కడిగినట్టు కడుగమ్మాయ్. అడుగునంతా మురికే. లేదంటే వేరే మనిషిని పిలుస్తా,” అంది ఇంటావిడ సూర్యప్రభ, చేతిలో గిన్నెతో.

“పిలుసుకోండ్రి. నేను మాత్రం కడగ. గా గిన్నెల ఏందమ్మా?”

“బియ్యం కడిగిన నీళ్లు. బాల్కనీలో కరివేపాకు మొక్కకి.”

“మీ చెట్టుకు గది తిండైతే, గీ నీళ్లల్ల చెట్లకు అడుగు మురికే తిండి.”

సూర్యప్రభ గిన్నెలోకి, తర్వాత బకెట్‌లోకి చూసింది. విజయశ్రీ బకెట్ ఎత్తుకుని గుమ్మం దాటింది.

“ఆగు. ఆ నీళ్లు బాల్కనీలో పెట్టి వెళ్లు.”

విజయశ్రీ లిఫ్ట్ బటన్ నొక్కింది.

“మురికి కదమ్మా, మీకెందుకు?”