తుడిచిన అంకె

వంతెన పునాది కోసం, ఇసుక పెట్టెను ఇనుప పలక మీద జరుపుతూ ఇసుకకూ ఇనుముకూ మధ్య పట్టును అక్క నెలన్నర కొలిచింది. అదే పరీక్షను చెల్లెలు కంప్యూటర్లో ఒక పూటలో చేసింది. ఆఫీసంతా చెల్లెలి బల్ల చుట్టూ మూగింది. అక్కకు కడుపు మండింది.

ఇద్దరి ఫలితాల గ్రాఫు గీతలూ పక్కపక్కన పెట్టారు. పెట్టె జరిగిన ఆరో మిల్లీమీటరు దగ్గర చెల్లెలి గీత ఒక్కసారిగా పడిపోయింది. అక్కది పడలేదు.

“చేతికి ఇసుక అంటనివాళ్లకు ఇసుక సంగతేం తెలుస్తుందిలే!” అంది అక్క.

“నీ కొలతే నిజమక్కా. నా ప్రోగ్రాం పక్కన పడేస్తాను. నువ్వు తప్పు రాయవుగా.”

అక్క తన గదిలోకి వెళ్లి నోటుబుక్కు తెరిచింది. కొలిచిన రోజు ఆరో మిల్లీమీటరు దగ్గర కొలత సూది వెనక్కి తగ్గింది. పరికరం మొరాయించిందనుకుని, ఆ అంకెను తనే రబ్బరుతో తుడిచి, పై వరుసలోని అంకెనే మళ్లీ రాసింది.

అక్కడ కాగితం ఇంకా పలచగానే ఉంది. నోటుబుక్కు సొరుగులో పెట్టి తాళం వేసింది.